నలభై రెండో రోజు

నా పదవీ విరమణ సభలో మూడు శాలువాలు కప్పారు. అమలాపురంలో వైశాఖ మాసపు మధ్యాహ్నం, కరెంటు పోయిన హాల్లో, ఒక మనిషికి ఒకదాని మీద ఒకటి మూడు శాలువాలు కప్పి అతని చెమటని జనానికి చూపించడం మా ట్రస్టు వారి గౌరవ పద్ధతి. మాట్లాడిన అయిదుగురూ నన్ను క్రమశిక్షణకు మారుపేరు అన్నారు. ఆ క్రమశిక్షణ ముప్ఫై నాలుగేళ్ళలో ఎంతమందిని వ్యాయామశాల గుమ్మం దాటించి బయటికి పంపిందో ఒక్కరూ అనలేదు. అనగలిగినవాళ్ళని సభకు పిలవలేదు లెండి.

సభ అయ్యాక నా స్థానంలోకి వచ్చిన కొత్త కోచ్ కిరణ్ నా పక్కన కూర్చున్నాడు. మంచివాడు. గోడకి మూడు సర్టిఫికెట్లు తగిలించుకున్నాడు. చేతికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పే గడియారం పెట్టుకున్నాడు. నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో నాకెప్పుడూ తెలీదు, ఆగలేదని మాత్రం తెలుసు.

"సార్, చిన్న డౌటండి. మెంబర్ల లిస్టు సరిచేస్తున్నానండి. సత్యవేణి గారని ఒక పెద్దావిడ ఉన్నారు కదండీ? ఓ వారం వస్తారు, ఓ వారం రారు. వచ్చినా ఫామ్ అస్సలు ఉండదండి. కుడికాలు పక్కకి తిప్పేస్తారు. సరిచేసుకోండమ్మా అంటే 'ఆయ్' అంటారు, మళ్ళీ అలాగే తిప్పుతారు. పేరు తీసెయ్యమంటారా?"

"రెండ్రోజులాగు బాబూ. రాసిస్తాను" అన్నాను.

లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు రాసిస్తాననుకున్నాడు పాపం. ఇదిగో, ఇదీ ఆ ఉత్తరం. కిరణ్‌తో పాటు ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే వాళ్ళంతా చదువుకోవచ్చు. నా ఇంక్రిమెంట్లూ, ట్రస్టు మీటింగులూ ఇందులో లేవు కాబట్టి ధైర్యంగా చదవొచ్చు.

కత్తెర

నేను చేరినప్పుడు అది జిమ్ము కాదు, తాలింఖానా. మట్టి నేల, తాటి దూలాలు, గోడ మీద ఆంజనేయస్వామి పటం, మూలన రెండు రాతిగుండ్లు, తుప్పు పట్టిన రాడ్డు ఒకటి. నాకు పని నేర్పిన ఆయన్ని ఊరంతా పెద్ద మాస్టారు అనేది. ఆయన లెక్కలో వ్యాయామం అంటే దీక్ష. మామూలు మాటగా కాదు, అచ్చంగా దీక్షే.

కొత్తగా చేరినవాడు మంగళవారం తలస్నానం చేసి వచ్చి పటం ముందు కొబ్బరికాయ కొట్టాలి. పెద్ద మాస్టారు వాడి ముంజేతికి ఎర్రదారం మూడు చుట్లు చుట్టి కంకణం కట్టేవారు. అక్కడినుంచి ఒక మండలం, అంటే నలభై ఒక్క రోజులు, రోజూ రావాలి. ఒక్కరోజు తప్పితే కత్తెరతో కంకణం తెంపేసేవారు. "దీక్ష భంగమైంది. మళ్ళీ మంగళవారం కాయ తెచ్చుకో" అనేవారు. మళ్ళీ ఒకటో రోజు, మళ్ళీ ఉత్త వెదురుకర్ర, మళ్ళీ పది బస్కీలు. నిన్నటిదాకా వాడు ఎంత బరువు ఎత్తాడన్నది లెక్కలోకి రాదు. ఒకతను మేనమామ పోయి రాలేకపోయాడు. మేనమామ మండలం అయ్యాక పోవాల్సింది అని పెద్ద మాస్టారు అనలేదు గానీ, కత్తెర మాత్రం తెచ్చారు.

రెండో నియమం, వంకర అన్నది లేకుండా చేసేదాకా బరువు పెంచకూడదు. మడమలు, మోకాళ్ళు, నడుము, మెడ అన్నీ గీత గీసినట్టుండాలి. లేదంటే కర్రే.

ఆయన పోయాక కత్తెర నా చేతికొచ్చింది. పెద్ద మాస్టారు దారం తెంపేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేవారు. నేను కళ్ళలోకి చూస్తూ తెంపేవాణ్ణి. అదేదో గొప్పనుకునేవాణ్ణి.

బోర్డు

మండలం పూర్తిచేసిన వాళ్ళ పేర్లు రాయడానికి గోడకో నల్లబోర్డు ఉండేది. తెల్ల పెయింటు అక్షరాలు, నా దస్తూరీయే. మా ట్రస్టు ప్రెసిడెంటు గారికి ఆ బోర్డంటే ప్రాణం. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే ముందు బోర్డు దగ్గరికి తీసుకెళ్ళేవారు. "చూసేరాండీ, ఎంతమందిని తయారు చేసేమో" అనేవారు. ఆయన స్వయంగా ఏడాదికోసారి, వార్షికోత్సవం నాడు, డంబెల్ పట్టుకుని ఫోటో దిగేవారు. ఫోటో అయ్యేదాకా దాన్ని కిందనుంచి నేను పట్టుకునేవాణ్ణి.

ఆ బోర్డు గురించి అప్పట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నలభై ఒకటో రోజు భలే ఉండేది. వాడి ఇంట్లోవాళ్ళు వచ్చేవారు, కాయ కొట్టేవారు, కంకణం విప్పి కాలవలో కలిపేవారు, పులిహోర పంచేవారు. నలభై రెండో రోజు వాడు వచ్చేవాడు కాదు. ఎందుకొస్తాడు? దీక్ష అయిపోయింది కదా. మాల తీసినవాడు మర్నాడు ఏం చేస్తాడో వాడూ అదే చేసేవాడు, కోడి పలావు తిని పడుకునేవాడు. ఆర్నెల్ల తర్వాత బజార్లో ఎదురుపడి, పొట్ట నిమురుకుంటూ, "మన పేరు బోర్డు మీదుంది కదండీ మాస్టారూ, ఆయ్" అనేవాడు.

పేరైతే ఉంది నాయనా, నువ్వెక్కడున్నావు అని అడగాలనిపించేది. అడగలేదు. రాసింది నేనే కదా మరి.

అంటే చూడండి, నా దగ్గరికి వచ్చినవాళ్ళు రెండే రకాలు. దీక్ష తప్పి వెళ్ళిపోయినవాళ్ళు, దీక్ష పూర్తిచేసి వెళ్ళిపోయినవాళ్ళు. ఏళ్ళ తరబడి వదలకుండా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ జీతమిస్తారు కాబట్టి.

ఇంజనీరు గారి బూట్లు

మట్టి నేల పోయి అద్దాలూ రబ్బరు పరుపులూ వచ్చాక మాకు చదువుకున్నవాళ్ళు రావడం మొదలైంది. తాటిపాక వైపునుంచి ఒక ఇంజనీరు గారు వచ్చారు. మొదటి రోజే మూడు రంగుల్లో ప్రింటు తీసిన చార్టు తెచ్చారు. ఏ రోజు ఏ కండ, ఎన్నిసార్లు, మధ్యలో ఎన్ని సెకన్ల విశ్రాంతి, అన్నీ అందులో ఉన్నాయి. తినే అన్నాన్ని తూచడానికి చిన్న కాటా కొనుక్కున్నారు.

"ఎల్లుండి మొదలెడదామండి. బూట్లు ఆర్డరు పెట్టేను, రావాలండి."

బూట్లు వచ్చాయి. ఈలోపు ఆషాఢం వచ్చింది. ఆషాఢం వెళ్ళింది, ఆయనకి షిఫ్టు మారింది. షిఫ్టు సర్దుకునేసరికి మూఢం పట్టింది. మూఢం వదిలాక చార్టు పాతబడిపోయిందని కొత్త చార్టు వేశారు. నెలకోసారి వచ్చి, నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, "మొదలెడితే పద్ధతిగా మొదలెట్టాలండి మాస్టారూ. అరకొర పనులు నాకు నచ్చవండి" అనేవారు.

నేను "మంచి మాటండి" అని కాఫీ తెప్పించేవాణ్ణి.

రెండేళ్ళ తర్వాత బదిలీ అయి వెళ్తూ ఆ బూట్లు నాకిచ్చి వెళ్ళారు. అడుగున ఇసుక రేణువు కూడా అంటలేదు. నాకు ఒక సైజు చిన్న. ఆయన మీద నాకు కోపం లేదు. ఒక్క బస్కీ తియ్యని ఆ మనిషికి కాఫీ ఇచ్చిన రోజుల్లోనే, వంద అడ్డంకులు దాటుకుని వచ్చే మనిషికి కత్తెర చూపించానే, అదీ నా బాధ.

ఒక్క బరువు

తొమ్మిదేళ్ళ కిందట, జ్యేష్ఠ మాసం. పొద్దున్న పదకొండు, శాల ఖాళీగా ఉండే వేళ. యాభై దాటిన ఒకావిడ గుమ్మం బయట చెప్పులు విప్పి లోపలికొచ్చింది. చీర కొంగు నడుముకి బిగించింది, చేతిలో బస్సు టిక్కెట్టు ఇంకా అలాగే ఉంది. ఎవరింటికో దారి అడుగుతుందనుకున్నాను.

"ఇక్కడ బరువులెత్తడం నేర్పుతారంట కదండీ?"

"నేర్పుతామమ్మా. ఎవరికి?"

"నాకేనండి. అన్ని బరువులూ అక్కర్లేదండి. ఒక్క బరువు ఎత్తడం వస్తే చాలండి. మా ఆయన్ని."

నవ్వబోయి ఆగాను. ఆవిడ నవ్వడం లేదు.

పేరు సత్యవేణి. వైనతేయ పాయలో ఒక లంక వాళ్ళది. భర్త సూర్యారావు గారు దిండిలో టూరిస్టుల పడవకి సరంగు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. భారీ మనిషి. ఇంట్లో ఇద్దరే. ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి. ఇరుగుపొరుగు కొన్నాళ్ళు వచ్చారు, తర్వాత వాళ్ళ పనులు వాళ్ళవి. పడుకునీ పడుకునీ ఆయన వీపు మీద పుండ్లు మొదలయ్యాయి. కాకినాడలో ఉండే మరిది వచ్చి చూసి, "వదినా, కార్తీక పౌర్ణమి దాకా చూద్దాం. అప్పటికీ నీవల్ల కాకపోతే అన్నయ్యని మా ఊళ్ళో ఆశ్రమంలో పెడదాం. నువ్వు నెలకోసారి వచ్చి చూసుకుందువుగాని" అన్నాడట. చెడ్డవాడేం కాదు. లెక్క ప్రకారం చెప్పాడు.

"ఆయనకి గోదారి ఎదురుగా లేకపోతే ముద్ద దిగదండి. కాకినాడలో గోదారెక్కడుందండీ?" అంది ఆవిడ.

నా ముప్ఫై నాలుగేళ్ళలో అంత స్పష్టంగా ఏం కావాలో, ఎప్పటికి కావాలో చెప్పిన మనిషి ఇంకొకరు లేరు. ఆవిడకి నేనేం చెప్పానో తెలుసా? "మంగళవారం కాయ తెచ్చుకోండమ్మా" అన్నాను.

మూడు దారాలు

మొదటి కంకణం పన్నెండో రోజున తెంపాను. ముందురోజు ఆయనకి జ్వరం, ఆవిడ రాలేకపోయింది. రెండోది పంతొమ్మిదో రోజున తెంపాను. బస్సు రాలేదట. ఆవిడ ప్రతిసారీ కింద పడ్డ దారం ఏరుకుని కొంగు చివర ముడేసుకునేది. ఏదో భక్తి అనుకున్నాను.

ఇక ఆ కుడికాలు. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది, పాదం పక్కకి తిరిగే ఉంటుంది. "సమంగా పెట్టండమ్మా" అంటే పెట్టేది, వంగేసరికి మళ్ళీ తిరిగిపోయేది. కాలు సరిగా పెట్టేదాకా కర్రే అన్నాను. అంత భారీ మనిషిని ఎత్తాల్సిన ఆవిడ చేత రెండున్నర నెలలు వెదురుకర్ర ఎత్తించాను, చూసుకోండి నా ప్రతిభ.

ఒకరోజు కర్ర దించి, చాలా మర్యాదగా అడిగింది. "మాస్టారూ, ఈ కర్ర మా ఆయనంత ఎప్పటికవుతుందండీ?"

పునాది గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ "ఆయ్" అంటూ విన్నది. మధ్యలో రెండుసార్లు గోడ గడియారం వైపు చూసింది, బస్సు టైమవుతోందని.

మూడోసారి ముప్ఫై అయిదు రోజులు వరసగా వచ్చింది. శ్రావణంలో గోదావరికి వరదొచ్చి లంక దారి మునిగిపోయింది. నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు నాటుపడవ మీద పాయ దాటి, మోకాళ్ళ దాకా తడిసిన చీరతో వచ్చి నిలబడింది. వరద ఇంకా పూర్తిగా తియ్యనే లేదు. నేను కత్తెర తీశాను.

"మిమ్మల్ని వదిలేస్తే రేపు అందరూ ఇలాగే చేస్తారమ్మా. రోజూ రాగలిగితే రండి, లేకపోతే మానెయ్యండి."

ఆవిడ వంగి దారం తీసుకుంది. "ఆయ్" అంది. అంటే సరే, మంగళవారం వస్తానంది అనుకున్నాను. మానేసింది.

ఆ సాయంత్రం నేను అన్నం బాగానే తిన్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

చాప మీద సరంగు

వినాయక చవితి వెళ్ళిన వారం, మా శాలకి కొబ్బరికాయలు తెచ్చే అబ్బులు బుట్ట దించుతూ అన్నాడు. అతనిదీ ఆ లంకే.

"వేణమ్మ గారు పడిపోయేరండి. సరంగు గారిని ఒక్కరే ఎత్తబోయేరంటండి. ఇద్దరూ పడ్డారండి. ఆవిడకి మణికట్టు బెణికిందండి."

"ఎలా ఎత్తింది? నడుం వంచేసిందా?"

"లేదండి, మీరు చెప్పినట్టే కాళ్ళు రెండూ సమంగా పెట్టేరంటండి. ఆ కుడికాలు అలా పెడితే నిలబడదు కదండీ. మడతపడిపోయిందంటండి."

నా చేతిలో ఉన్న కాయ బుట్టలో పెట్టేశాను. పటం వైపు చూడ్డానికి మొహం చెల్లలేదు. తలుపులు మూసి తాళం వేసి లంకకి బయల్దేరాను. మంగళవారం, కొత్తవాళ్ళు కాయలు పట్టుకుని వచ్చే రోజు. ఇరవై అయిదేళ్ళలో ఆ శాల తలుపు తియ్యని మొదటి రోజు అదే, తప్పింది నేనే. నాకు కత్తెర వేసేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

వెళ్ళేసరికి సూర్యారావు గారు నేల మీద పరిచిన చాప మీద ఉన్నారు. ఆయన్ని మళ్ళీ మంచం మీదికి ఎత్తనివ్వలేదట ఆవిడ. నేల మీంచి ఇంక పడరు కదండీ అందట. ఆయన మాట కాస్త ముద్దగా వస్తోంది గానీ నాలుక మాత్రం పదునుగానే ఉంది.

"రండి మాస్టారూ. కుర్చీ ఖాళీగానే ఉందండి, కూర్చోండి. అందులో కూర్చోవలసిన మనిషి ఇంకా రాలేదండి."

ఇంటికి నలభై అడుగుల దూరంలో పాయ. మధ్యలో అరుగు గోడ. చాప మీంచి ఆయనకి గోడ కనబడుతుంది, పాయ వినబడుతుంది. ఏదో పడవ వెళ్తుంటే చెవి అటు పెట్టి, "రాంబాబు ఇంజనండి. ఎన్నాళ్ళనించో చెప్తున్నాను, ఆయిలు మార్చడు వెధవ" అన్నారు.

సత్యవేణి గారు మణికట్టుకి గుడ్డ కట్టుకుని మంచినీళ్ళు తెచ్చింది. నేను గ్లాసు అందుకోలేకపోయాను.

"తప్పు నాదమ్మా. క్షమించండి."

"తప్పొప్పులు తర్వాత చూసుకుందాం లెండి. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి. పౌర్ణమి రెండు నెలలే ఉందండి."

"నాకు తెలీదమ్మా. కనుక్కుని వస్తాను."

ఆ రెండు వాక్యాలు అంతకుముందు నా నోట ఎవరూ విని ఉండరు. మర్నాడు అమలాపురంలో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మా అమ్మాయి వయసు. నిండా అయిదడుగులు లేదు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నడుముకి దుప్పటి మెలితిప్పి కట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, తన మోకాలు నా మోకాలికి ఆనించి, ఒక్క ఊపున లేపి కుర్చీలోకి తిప్పేసింది. "ఆయనకి బాగున్న కాలు వైపు కుర్చీ వెయ్యండి సార్. ఆ కాలు మీద సగం బరువు ఆయనే మోసుకుంటారు. మిగతా సగానికి ఆవిడకి బలం కావాలి" అంది. ఆవిడ కుడికాలి సంగతి చెప్పాను. "వంకర కాలుంటే వంకరగానే పెట్టమనండి. దానికి అదే సమం" అంది.

నేను పాతికేళ్ళలో తెలుసుకోలేనిది ఆ అమ్మాయి పావుగంటలో చెప్పేసింది. డబ్బు తీసుకోలేదు. అదింకా గుచ్చుకుంది.

బస్తా

అబ్బులు ఒక గోనె బస్తా, ఒలిచిన కొబ్బరికాయలు ఒక గుట్ట తెచ్చి అరుగు మీద పోశాడు. మణికట్టు సర్దుకున్నాక పది కాయలతో మొదలుపెట్టాం. బస్తా ఒక ముక్కాలిపీట మీంచి కావలించుకుని లేపి, తిరిగి, ఇంకో పీట మీద పెట్టాలి. అయిదుసార్లు. తేలిగ్గా అనిపిస్తే మర్నాడు ఒక కాయ కలపాలి. అంతే.

బస్తా మూతి కట్టడానికి ఆవిడ లోపలికి వెళ్ళి దారం తెచ్చింది. ఎర్రదారం. నేను తెంపిన మూడు కంకణాలూ ఒకదానికొకటి ముడేసి ఉన్నాయి.

"పారెయ్యడం ఎందుకండీ, మంచి దారం" అంది మామూలుగా.

బస్తా మూతి నేను పట్టుకున్నాను, ఆవిడ కట్టింది.

"మాస్టారూ, ఒకరోజు తప్పితే కాయలన్నీ తీసెయ్యాలాండీ?"

"బస్తాలో ఉన్న కాయలు ఎక్కడికి పోతాయమ్మా? ఎక్కడ ఆపేరో అక్కడినించే ఎత్తండి."

పోయేవి, అది వేరే సంగతి. నేను ప్రతి మంగళవారం మధ్యాహ్నం వెళ్ళి ఎన్నయ్యాయని అడిగేవాణ్ణి. "ఇరవై ఆరండి. నిన్నటికి ఇరవై ఎనిమిదండి, ఆయన పచ్చడి అడిగేరండి" అనేది. ఒకవారం చుట్టాలొచ్చి నాలుగు రోజులు ఎత్తలేదు. ఒకవారం జ్వరం, అసలు ముట్టుకోలేదు. నా లోపల కత్తెర టకటకలాడేది. చేతులు జేబుల్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆవిడ మటుకు వచ్చినంతా మేలే అన్నట్టు, ఆగిన చోటినుంచి మళ్ళీ ఎత్తుకునేది. ముప్ఫై అయ్యాయి, పచ్చడికి తగ్గాయి, నలభై అయ్యాయి. కుడికాలు పక్కకి తిప్పే ఎత్తేది. బస్తా మాత్రం లేచేది.

డెబ్భై కాయలైతే సరిపోతుందని నేను లెక్కవేశాను. పౌర్ణమికి వారం ముందే మరిది కారు వేసుకుని వచ్చేశాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. బస్తాలో యాభై ఎనిమిదే ఉన్నాయి.

"ఇంకా సిద్ధం కాలేదమ్మా. ఇంకో పదిహేను రోజులు ఆగమనండి" అని గొణిగాను.

"డెబ్భై అయ్యేదాకా నేను ఆగుతానండి, ఆ కారు ఆగదు కదండీ" అంది.

అంతకు పదిరోజుల ముందు అబ్బులూ నేనూ ఆయన్ని మంచం మీదికి మార్చి ఉంచాం. ఆవిడ కుర్చీ లాగి ఆయన కుడి పక్కన వేసింది. దుప్పటి మెలితిప్పి నడుముకి కట్టింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. కుడి పాదం పక్కకి తిప్పి, నేలకి గట్టిగా తన్నిపెట్టింది.

"ఏవండీ, ముందుకు వాలండి. నా భుజం మీద చెయ్యెయ్యండి."

"నన్ను పడేస్తే ఈసారి నీ మీదే పడతాను వేణీ."

"పడండి. లేవండి ముందు."

లేపింది. నడుం కాస్త గూనిగా వంగింది. గడ్డం పైకెత్తేసింది. ఊపిరి తప్పుగా తీసుకుంది. నా పుస్తకం ప్రకారం ఏడు తప్పులు. మరిది రెండు చేతులూ చాచి ముందుకు రాబోయాడు. నేను అతని రెక్క పట్టుకుని ఆపాను. ఒక్క క్షణం ఇద్దరూ గాలిలో ఊగినట్టయింది. తర్వాత ఆయన కుర్చీలో ఉన్నారు.

ఇరవై అయిదేళ్ళ అలవాటు ఊరుకోదుగా. "అమ్మా, ఆ కుడికాలు..." అనేశాను.

"మాస్టారూ, ఊరుకోండి బాబూ. నేను కూర్చున్నాను కదండీ" అన్నారు సూర్యారావు గారు.

కుర్చీని గుమ్మం దాటించి అరుగు మీదికి లాగాం. పాయ నిండుగా ఉంది. ఆయన మెడ పాయ వైపు తిప్పుకున్నారు. ఇంజను చప్పుడు వినబడి, మలుపులోంచి ఒక పడవ వచ్చింది.

"రాంబాబుదే" అన్నారు. పడవ ఎదురుగా వచ్చాక, "రంగు మార్చేడే. నీలం వేసేడు. నాతో ఒక్క ముక్కైనా చెప్పలేదు" అని, బాగున్న చేత్తో కళ్ళు తుడుచుకున్నారు.

మరిది అరుగు చివర నిలబడి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు. "వదినా, రోజూ ఇలాగే ఎత్తగలవా?"

"రోజూ అంటే నాకేం తెలుసు బాబూ? ఈవేళ ఎత్తేను. రేపు కుదరకపోతే ఎల్లుండి ఎత్తుతాను."

అతను కారు తాళాలు జేబులో వేసుకుని భోజనానికి కూర్చున్నాడు. ఆ పూట పచ్చడికి బస్తాలోంచి మూడు కాయలు తీశారు.

కిరణ్‌కి

మర్నాడు శాలకి వచ్చి బోర్డు దించేశాను. ప్రెసిడెంటు గారు పరుగెత్తుకొచ్చారు. "బోర్డు తీసేస్తే సంస్థ పరువేం కావాలండీ?" అన్నారు. "పేర్లున్నవాళ్ళని ఒక్కసారి పిలిపించండి, మళ్ళీ తగిలిస్తాను" అన్నాను. ఆయన వెళ్ళిపోయారు. ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు, నాకు ఆ ఏడాది భలే ప్రశాంతంగా గడిచింది. కత్తెర మా ఆవిడకిచ్చేశాను, తోటకూర కట్టలు విప్పుకుంటోంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి కాయ కొట్టించాను, కంకణం కట్టలేదు. వారానికి మూడు రోజులొచ్చినా, ఒకరోజొచ్చినా, ఎక్కడ ఆపారో అక్కడే ఎత్తించాను. ఎవరూ పోటీల్లో గెలవలేదు. చాలామంది ఇంకా వస్తున్నారు, నువ్వు చూస్తూనే ఉన్నావు.

నా పద్ధతి తప్పని తేలడానికి ఒక మనిషి పడాల్సొచ్చింది, అదృష్టం కొద్దీ మణికట్టుతో పోయింది. నీకు అంత ఖర్చు అక్కర్లేకుండా చెబుతున్నాను.

శాల వెనక మూలన ఒక పాత గోనె బస్తా ఉండాలి, ఎర్రదారంతో మూతి కట్టి. చెత్త అనుకుని నువ్వు బయట పెట్టించావని విన్నాను. లోపలికి తెప్పించు. దానిలో ఇప్పుడు ఎన్ని కాయలున్నాయో నేను చెప్పను. ఆవిడ వచ్చినప్పుడు ఆవిడ ఎత్తాక నువ్వూ ఎత్తి చూడు, నీ గడియారం ఏమంటుందో. తర్వాత ఫామ్ గురించి ఇద్దరూ మాట్లాడుకోండి.

ఆవిడ పేరు తీసెయ్యమంటారా అని అడిగావు. మరిది ఒట్టి చేతులతో కాకినాడ వెళ్ళిపోయిన తర్వాతి మంగళవారం, పదకొండు గంటలకి, ఆవిడ ఆ బస్తా బస్సులో వేసుకుని శాలకి వచ్చింది. నాకు అర్థం కాలేదు.

"మళ్ళీ ఎందుకొచ్చేరమ్మా? ఆయన కుర్చీలోకి వచ్చేరుగా. పని అయిపోయింది కదా?"

ఆవిడ చెప్పులు విప్పి, బస్తా దించి, నన్ను వింతగా చూసింది.

"అయిపోవడమేంటండీ మాస్టారూ? మా ఆయన రేపూ ఉంటారు కదండీ."